గయ్యాళి పెట్ట కొడుకు

మా మామగారు కోళ్లు పెంచుతారు. గుడ్ల కోసం కాదు, మాంసం కోసమూ కాదు. పుంజుల మెడ మీది ఈకల కోసం.

ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్లు నా వంక అదోలా చూస్తారు. అప్పుడు నేను మొదటినుంచీ చెప్పుకురావాలి. గాలానికి ఈకను దారంతో చుట్టి, ఈగలా కనబడేట్టు కడతారు. అది నీటి మీద తేలుతుంటే చేప నిజం ఈగే అనుకుని నోరు తెరుస్తుంది. చేపను మోసం చేయడానికి ఒక ఈగ, ఆ ఈగకు ఒక ఈక, ఆ ఈకకు ఒక పుంజు, ఆ పుంజుకు చాకిరీ చేయడానికి నేను. మామగారు మాత్రం జన్మలో గాలం పట్టి ఎరుగరు. ఆయనకు నీళ్లంటేనే భయం.

ఆయన వాచీలు బాగుచేసేవారు. చూపు మసకబారాక కొట్టు మూసేశారు గానీ చాదస్తం ఎక్కడికి పోతుంది? పట్టకారూ భూతద్దమూ పట్టుకుని పెరట్లో షెడ్డులోకి చేరారు. అక్కడ ఒక్కో పుంజుకు ఒక్కో గూడు. రెండింటిని కలిపి వదిలితే తన్నుకుంటాయి, ఈకలు విరిగిపోతాయి. అందుకని ఒక్కొక్క దొరగారికీ విడిగా దాణా, విడిగా నీళ్లు. విడివిడిగా ఊడవడం నా వంతు. మావారు బస్సు నడుపుతారు. కోడి కూయకముందే డ్యూటీకి వెళ్లిపోతారు, అదృష్టవంతులు.

మామగారికి కావలసింది పొగరంగు ఈక. సన్నగా, పొడుగ్గా, మొదలు నుంచి చివరిదాకా ఒకే వెడల్పు ఉండాలి. అంచులు బిరుసుగా ఉంటేనే నీటి మీద నిలబడుతుంది. పొగరంగు వచ్చిన ఏడాది ఈక మెత్తగా ఉండేది, బిరుసుగా వచ్చిన ఏడాది గోధుమరంగుకు తిరిగేది. "నా కళ్లు పూర్తిగా పోయేలోగా అలాంటిది ఒక్క పుంజు వస్తే చాలమ్మాయ్" అనేవారు. ఎంత విసుగ్గా ఉన్నా ఆ మాట వింటే నాకు జాలేసేది.

ఇందులో ఒక తిరకాసు ఉంది. ఆ ఈక పుంజుకే వస్తుంది. పెట్ట మెడ చూస్తే ఏమీ తెలియదు, అన్నీ పొట్టి ఈకలే. పెట్టలో ఏ గుణముందో దాని కొడుకులు పెరిగి, మెడ నిండా ఈకలు వచ్చాక గానీ బయటపడదు. అందుకే పిల్ల గుడ్డులోంచి రాగానే కాలివేళ్ల మధ్య పొరకు చిన్న కన్నం వేస్తాం. ఒక్కో తల్లి పిల్లలకు ఒక్కో చోట. మామగారికి కళ్లు ఆనవు కాబట్టి ఆ పనీ నాదే.

కానీ ఆయన లెక్కలో తల్లికి విలువే లేదు. విత్తనం పుంజుది, పెట్టదేముంది, పొదగడమేగా అంటారు. మా ఇంట్లో మనుషుల సంగతీ అంతే. మా అబ్బాయికి లెక్కల్లో మార్కులొస్తే తాత పోలిక. పళ్లు వంకరగా వస్తే నా పోలిక.

పెట్టల్లో ఒకదానికి నేనే గయ్యాళి అని పేరు పెట్టాను. దాణా వేసే చేతినే పొడిచేది. తను పెట్టిన గుడ్లలో సగం తనే తొక్కి పగలగొట్టేది. దాన్ని చూస్తే మామగారికి ఒళ్లు మంట. మా ఆడపడుచు చూడ్డానికొచ్చిన రోజున "ఇవాళ దాన్ని కోసెయ్" అన్నారు.

"దాని కొడుకులకు ఇంకా ఈకలు రాలేదు మామయ్యా. కొన్నాళ్లు ఆగుదాం."

"ఆగితే ఏమవుతుంది? ఇంకో చెయ్యి పొడుస్తుంది."

"తర్వాత కావాలంటే దొరకదు."

"కోళ్ల గురించి నాకు చెప్పొచ్చావా?"

చెప్పొచ్చాను, అయితే ఏం? ఆ మాట పైకి అనలేదు. కోసి వండాను. ముక్క రబ్బరులా ఉంది, ఇంకాస్త ఉడకనివ్వాల్సింది అని విసుక్కుంటూనే ఆయన మారు వడ్డించుకున్నారు. వెళ్తూ వెళ్తూ ఆడపడుచు, గయ్యాళి కూతుళ్లు రెండింటినీ గుడ్లకని పట్టుకుపోయింది. పీడ విరగడైనట్టు మామగారే వాటిని బుట్టలో పెట్టిచ్చారు.

చలి మొదలయ్యాక ఒక పొద్దున షెడ్డులోంచి నన్ను పిలిచారు. వెళ్లేసరికి ఒక పుంజును చంకలో ఇరికించుకుని కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. దాని మెడ ఈకలు వెలుతురులో అచ్చం పొగలా ఉన్నాయి. ఒక ఈక లాగి, పుంజును నా చేతికిచ్చి, వాచీల బల్ల దగ్గర కూర్చుని గాలానికి చుట్టారు. గ్లాసులో నీళ్లు పోసి అందులో వదిలారు. అది నీటి మీద కాళ్లూని నిలబడింది. గ్లాసు కదిపినా మునగలేదు.

మామగారు ఏడ్చేశారు. నా కళ్లూ చెమర్చాయి, అబద్ధమెందుకు.

"వీటన్నిటికీ తండ్రి ఒక్కటే, దీని తల్లి ఏదో చూడమ్మాయ్. ఈసారి దాని గుడ్లే పొదిగిద్దాం."

కాలు ఎత్తి చూశాను. ఎడమ కాలు, లోపలి వేలి పక్కన కన్నం. ఆ గుర్తు ఎవరిదో నేను వెతుక్కోనక్కర్లేదు.

"గయ్యాళిది" అన్నాను.

ఆయన వెంటనే కూతురికి ఫోన్ చేసి ఆ పెట్టలు రెండూ ఉన్నాయా తల్లీ అని అడిగారు.

"అవా నాన్నా? పొడిచి చంపుతున్నాయని ఎప్పుడో వండేశాం. అయినా ఆ మాంసం ఏం బాలేదు."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ రోజంతా షెడ్డులో ప్రతి పుంజు కాలూ నా చేత చూపించారు. గయ్యాళి కొడుకులు ఇంకో రెండు దొరికాయి గానీ, వాటి ఈకలు గోధుమరంగువే. ఈ పొగరంగు పుంజును మిగతా పెట్టలతో జత కట్టిస్తే ఈక మళ్లీ మెత్తబడుతుంది. మళ్లీ మొదటికొచ్చి ఎన్నేళ్లు తంటాలు పడాలో, అంతదాకా ఆయన చూపు ఆగదు. ముందే చెప్పానుగా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఈ ఇంట్లో మాటలు మింగీ మింగీ నాకు కడుపు నిండిపోయింది.

ఆ వారంలోనే ఈకలు కొనే వ్యాపారి వచ్చాడు. పుంజు మెడ నిమిరి, ఈకలు విప్పి చూసి, అక్కడే చతికిలబడ్డాడు.

"ఇది ఏ పుంజు కొడుకండీ?"

వచ్చిన ప్రతిసారీ అడిగేదే. మామూలుగా అయితే మామగారు దాని తండ్రి, తాత, ముత్తాతల దాకా ఏకరువు పెడతారు. ఈసారి "తల్లి మంచిది" అన్నారు.

"ఆ పెట్టను ఓసారి చూపించండి మరి."

మామగారు నా వైపు తిరిగారు. "నువ్వే చెప్పమ్మాయ్."

"తినేశాం" అన్నాను. "సరిగ్గా ఉడకలేదని మామయ్య నన్ను విసుక్కున్నారు కూడా."

వ్యాపారి ఆయన వంక చూశాడు. ఆయన కాదంటారనే నేనూ అనుకున్నాను.

"మారు కూడా వడ్డించుకున్నాను" అన్నారు మామగారు.