మంద పోయిన మైదానం

చెడుగుడు బరికి సున్నపు గీత గీస్తుంటే నా చెప్పు కింద ఏదో గట్టిగా తగిలింది. వంగి చూశాను. మట్టిలోంచి వేలెడంత పైకి వచ్చిన విరిగిన గూటం, కర్ర మేకు.

1961 జూన్‌లో నల్లగొండ జిల్లాలోని ఒక హైస్కూల్లో ఆడపిల్లల డ్రిల్లు టీచరుగా కొత్తగా చేరాను. ఎండాకాలం సెలవుల్లో స్కూలు కమిటీ ఆ మైదానంలో గొర్రెల మందలు పెట్టనిచ్చేది. మంద చుట్టూ వల కట్టిన గూటాలను కాపర్లు వెళ్ళేటప్పుడు పీకేస్తారు. విరిగినవి మట్టిలోనే ఉండిపోతాయి. సాయంత్రాలు నా ఇద్దరు పిల్లలు ఆడేదీ అక్కడే.

ఆట ఆపి హెడ్మాస్టరుగారికి చెప్పాను. పక్కనే ఉన్న కమిటీ ప్రెసిడెంటు అందుకున్నాడు.

"గొర్లు తిరిగిన జాగల పిల్లలు తిరగలేరా టీచరమ్మా? పోటీలు దగ్గరికొచ్చినయ్, ఆడించుండ్రి."

నేను ఒప్పుకోలేదు. మర్నాడు వేరే మాస్టరుతో ఆడించారు. లింగమ్మ అనే పిల్ల మోకాలు సరిగ్గా మరో గూటం మీద పడింది. దవాఖానలో కాలు దక్కింది గానీ మోకాలు ఇక వంగదన్నారు.

ఆమె తండ్రి మల్లయ్య గొర్రెల కాపరి. నష్టపరిహారం కోసం మున్సిఫు కోర్టులో, అంటే చిన్న సివిలు తగాదాలు వినే కోర్టులో, దావా వేశాడు. నేను జరిగింది జరిగినట్టు సాక్ష్యం చెప్పాను. తర్వాత కమిటీ వకీలు లింగమ్మ పడ్డ ఆ గూటాన్ని మల్లయ్య చేతికిచ్చి ఎవరిదని అడిగాడు. తనదంటే దావా పోతుందని అక్కడ అందరం అనుకున్నాం.

మల్లయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాదే దొరా. గీ చెక్కుడు నాదే. గని మా మంద పోయినంక పిల్లలను గాడ ఆడుమన్నది నేను గాదు."

మున్సిఫుగారు కలం కింద పెట్టి అతని వైపే చూశారు. ఉద్యోగం మానేసిన ఈ మూడో ఏట, పిల్లలు పడుకున్నాక ఇది రాస్తుంటే ఇప్పుడూ ఆ మాటే చెవిలో పడుతోంది.

గూటం ఎవరిదైనా, పిల్లలను ఆటకు పిలిచినవాళ్ళే ముందు జాగా చూడాలని తీర్పు వచ్చింది. పరిహారం కమిటీ మీద పడింది. బయట లింగమ్మ కర్ర ఊతంతో నా దగ్గరికి వచ్చింది.

"ఇగ కూతకు పోలేను టీచరమ్మా. గీత మాత్రం నేనే గీస్త. నీది వంకర పోతది."

తీర్పు వచ్చిన మర్నాడు పొద్దున నా పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను: "జాగా చూసుడు పెద్దోళ్ళ పని. మీ కాలికి ఏదన్న తాకితే ఆట ఆపుండ్రి. ఎవ్వరు ఆడుమన్నా ఆడకుండ్రి."