పొద్దు గుంకని దేశాన్ని చూసిన బాపమ్మ

"బాపమ్మ పోయింది బిడ్డా. పొద్దుగాల లేసి వాకిట్ల సాన్పి చల్లింది, చాయ్ తాగింది, అరుగు మీద కూసున్నది కూసున్నట్టే ఒరిగింది" అని అత్తమ్మ ఫోన్లో చెప్పినప్పుడు నేను జనగామలో ఆఫీసుకు తయారవుతున్నాను. ఏడుపు వచ్చింది గానీ, దానికంటే ముందు గుండె తేలికైంది. దవాఖాన మంచం మీద కాకుండా, తను ఊడ్చుకున్న వాకిటి ముందే పోయింది. ఆమె కోరుకున్నదీ అదే. ఆ వెంటనే పాత భయం ఒకటి లేచి కూర్చుంది. దాని సంగతి చెప్పాలంటే మా పెళ్లి దగ్గర మొదలుపెట్టాలి.

బాపమ్మ అంటే మా ఆయన వాళ్ల నాయనకు తల్లి. నా పుట్టిల్లు నర్సింహులపేట దగ్గర, అత్తగారిల్లు దేవరుప్పుల. నిరుడు జ్యేష్ఠంలో మా పెళ్లయింది. హనీమూన్‌కి ఐస్‌లాండ్ పోయి, అద్దె కారులో ఆ దీవి చుట్టూ తిరిగి రావాలని మా ఇద్దరికీ ఒకటే పిచ్చి. అక్కడి ఎండాకాలంలోనే దారులన్నీ తెరిచి ఉంటాయని చదివి జూలైకి టికెట్లు తీసేశాం. ఇద్దరం ఇన్నేళ్లు చదువుకుని, గోడ మీద క్యాలెండర్ వైపు మాత్రం ఒక్కరమూ చూడలేదు. అది నిండు ఆషాఢం.

కొత్త కోడలు ఆషాఢంలో పుట్టింట్లో ఉండాలి. అత్తాకోడళ్లు ఒక గడపలో ఉండొద్దు, ఆలుమగలు ఒక్కచోట ఉండొద్దు. సంగతి తెలియగానే పెద్దత్త, అంటే బాపమ్మ పెద్ద కోడలు, చేతిలో పళ్లెం చప్పుడయ్యేలా కింద పెట్టింది.

"ఆషాఢంల జంటగ దేశాలు తిరుగుతరా? గిదెక్కడి చోద్యం?"

బాపమ్మ తమలపాకు ఈనె తీస్తూ, తలెత్తకుండానే అడిగింది. "అత్త గడప తొక్కొద్దన్నరు గంతే గదా. గా దేశంల అత్త గడప యాడుందే?"

ఆమె వాదన ఎప్పుడూ ఇంతే. గొంతు పెంచదు. ఒక్క ప్రశ్న వేసి ఆకు నోట్లో పెట్టుకుంటుంది. ఇక మనం ఎంత మాట్లాడినా దండగే.

తీరా ప్రయాణం దగ్గర పడ్డాక ఆమె కళ్లు తిరిగి పడిపోయింది. జనగామ దవాఖానలో చేర్పించారంటే పుట్టింటి నుంచి పరుగెత్తుకొచ్చాను. దవాఖానకు గడప పట్టింపు లేదు కాబట్టి రానిచ్చారు. వరండాలో చుట్టపామె ఒకావిడ గుసగుస నా చెవిన పడనే పడింది: "కొత్త కోడలు కాలు వెట్టి నెలన్న కాలే, సూడు మరి."

లోపలికి పోతే బాపమ్మ నన్ను చూసి, "ఏందే, మొఖం గట్ల మాడ్చుకున్నవ్?" అంది.

"నీకేమన్న అయితే నా కాలు మంచిది కాదంటరు బాపమ్మా. మేం పోం. టికెట్లు పోతే పోనీ."

ఆమె వరండాలో ఉన్న వాళ్లందర్నీ లోపలికి పిలవమంది. పెద్దత్త ముందు నిలబడింది, చుట్టపామె వెనకాల.

"నా పెండ్లయి నెల తిరగకముందే మా అత్త పోయింది. నా కాలు మంచిది కాదన్నరు. ముసల్దాన్నయిన, గా మాట ఇంక నా ఎనుకనే తిరుగుతాంది. గీ పిల్లకు గది అంటనియ్య. నేను ఇయ్యాల పోయినా, ఎప్పుడు పోయినా, నా సావు నాది. దీని కాళ్లకు కట్టిండ్రంటే మంచిగుండది, చెప్తున్న." తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు పోయి రా. అన్నీ ఫోన్ల సూపియ్యి. సూసేదాక నేనెటూ పోను" అంది.

కాలు మంచిది కాదన్న ఆ మాట పడలేకే తాత అప్పట్లో ఆమెను తీసుకుని ఇల్లు వదిలాడట. మానుకోట మీదుగా ఇల్లందు బొగ్గు గనులకు, లారీలో, ట్రంకు పెట్టె మీద కూర్చుని. "గదే మా హనీమూను" అని నవ్వింది. తర్వాత భూపాలపల్లికి బదిలీ అయ్యారు. తాత రిటైరయ్యాకే మళ్లీ దేవరుప్పుల వచ్చారు.

మేం బయల్దేరే నాటికి ఆమె లేచి తిరుగుతోంది. అయినా నా భయం విమానం ఎక్కి నాతోనే వచ్చింది.

ఐస్‌లాండ్‌లో మేం పడుకోబోయే వేళ దేవరుప్పులలో ఆమె లేచే వేళ. రోజూ అప్పుడే ఫోన్ చేసేవాళ్లం. నల్ల ఇసుక సముద్రం చూపిస్తే, "గదంత బొగ్గేనా? మీ తాత ఉంటే తట్ట పట్టుకుని దిగెటోడు" అంది. నేలలోంచి ఆవిరి లేస్తుంటే, "మనుషులెవరూ కనవడరు, మరి అండ్ల ఏం ఉడుకుతాందే?" అంది. దారికి గొర్లు అడ్డమొస్తే మా ఆయన జనగామ చౌరస్తాలో లాగా హారన్ మోగించాడని చెప్పాను. "గొర్లకు హారన్ ఏం తెలుస్తదిరా, దిగి అదిలియ్యి" అని మనవడికి చీవాట్లు పెట్టింది. ఆయన నిజంగానే దిగి, "హో హో" అని అదిలించాడు. గొర్లు పక్కకు పోయాయి. ఆ రోజు ఎంత నవ్వానో! నా భయం అక్కడే వదిలింది.

ఒకరోజు సముద్రం మీద పొద్దు చూపించాను. పడుకునే వేళయినా గుంకకుండా ఎర్రగా అట్లాగే నిలబడి ఉంది. ఆమె ఇంకా చీకటిగా ఉన్న వాకిట్లో, సాన్పి బకెట్ పక్కన పెట్టి, ఫోన్‌లోని పొద్దుకే దండం పెట్టింది. ఆ తర్వాత అడిగింది.

"పొద్దు గుంకకపోతే మరి దీపమెప్పుడు పెడ్తరే?"

"ఇంటికొచ్చినంక పెడ్త బాపమ్మా" అన్నాను.

మేం తిరిగొచ్చాక కూడా ఆమె ఉంది. శ్రావణం చూసింది, బతుకమ్మకు పూలు పేర్చింది, ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ నా ఫోన్ లాక్కుని నల్ల సముద్రం చూపించింది. నాకు ఆమె ఇచ్చిన కానుక ఏదని అడిగితే ఆ నెలలే అంటాను. మొన్న మాఘంలో పోయింది.

ఆ రోజు వాకిలి నిండా జనం. దవాఖానలో గుసగుసలాడిన ఆ చుట్టపామే మళ్లీ అడిగింది. "కోడలొచ్చి ఇంక ఏడాది కాలే గదా?" పెద్దత్త ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహంతో ఆమె వైపు తిరిగింది.

"మా అత్త సావు మా అత్తది. పొద్దు గుంకని దేశం సూసి పోయింది. నీకేం కష్టమొచ్చింది?"

నేను అప్పుడు ఏడ్చాను, కడుపునిండా.

సాయంత్రం అందరూ స్నానాలు చేసి వచ్చాక, అరుగు మీద బాపమ్మ ఒరిగిన చోట ప్రమిద పెట్టారు. పెద్దత్త దాంట్లో నూనె పోసి, వత్తి వేసి, అగ్గిపెట్టె నా చేతికిచ్చింది.

"పొద్దు గుంకింది బిడ్డా. దీపం నువ్వే పెట్టు."