పద్నాలుగో రాయి దగ్గర గెంతులు

మొన్న నేను పర్చూరు పొలాల్లో పడ్డ పాట్లు చెబుతాను, ముందు ఆ టీ గ్లాసులు కింద పెట్టండి.

నాది ఫైబర్ కేబుల్ లైను చూసుకునే ఉద్యోగం కదా. మార్టూరు నుంచి పర్చూరు వైపు వెళ్లే లైను నేను దగ్గరుండి పూడ్పించిందే. ఆ కేబుల్లో ఖాళీగా ఉన్న ఒక గాజుపోగుకి ఈమధ్య మంగళగిరి ఆఫీసులో ఏదో పెట్టె తగిలించారు. నేల కదిలితే ఆ పోగు పసిగడుతుందట, భూకంపం వస్తే రాసిపెడుతుందట. అయితే కదిలింది ఎక్కడో తెలియాలంటే ముందు ఎవరైనా వెళ్లి, లైను మీద పాతిన ప్రతి గుర్తురాయి దగ్గరా మూడేసి సార్లు గెంతాలి. ఆఫీసులో శిరీష అనే ఇంజనీరమ్మాయి స్క్రీన్ మీద చూసి పటంలో గుర్తు పెడుతుంది.

"రాళ్లన్నీ సరిగ్గా లైను మీదే ఉన్నాయాండీ?" అని అడిగింది.

"లైను ఎక్కడుందో నా అరికాళ్లకి తెలుసమ్మా" అన్నాను. నోరు ఊరుకోదు కదా.

పదమూడు రాళ్లూ బాగానే గెంతాను. ఎనభై ఎనిమిది కేజీల మనిషిని, పైన ఎండ. పద్నాలుగో రాయి పత్తిచేను గట్టు మీద ఉంది. గెంతాను.

"రాలేదండీ" అంది ఫోన్లో. మళ్లీ గెంతాను. రాలేదు. అది దొరక్కపోతే పటంలో ఆ ముక్కంతా గుడ్డిదే, నా ఇరవై ఏళ్ల పేరు గంగలో కలిసినట్టే. పళ్లు బిగించి గెంతుతూనే ఉన్నాను.

"గెంతమంటే నడుస్తున్నారేంటండీ?"

"నడవట్లేదమ్మా, గెంతుతున్నా."

"కాదండీ, ఒక అడుగు బరువుగా, ఒకటి తేలిగ్గా పడుతోంది. కుంటుతున్నారా?"

తల తిప్పి చూశాను. డెబ్బై గజాల అవతల తన కళ్లంలో రైతు మస్తాన్ వలి గోతంలోకి దిగి మిరపకాయలు తొక్కుతున్నాడు. ఆయన ఎడమకాలు కాస్త అవిటిది. నాకు ఒళ్లు జలదరించింది. ఎక్కడి మంగళగిరి, ఎక్కడి మస్తాన్ వలి కాలు!

వెళ్లి రాయి సంగతి అడిగాను.

"ఆ రాయా? కళ్లానికి అడ్డమొస్తంటే నేనే పీకి గట్టు మీద పాతానండీ. చెక్కు చెదరలా, చూసుకోండి" అన్నాడు గర్వంగా.

నా అరికాళ్లకి తెలియని లైను ఆయన కళ్లం కిందే ఉందన్నమాట. అంతలో ఫోన్లో శిరీష, "సార్, మార్టూరు క్వారీలో బ్లాస్టింగ్ చేశారు. ఆ అదురు ఇప్పుడే మీ కాళ్ల కిందనుంచి వెళ్లింది" అంది.

కాళ్ల కిందకి చూసుకున్నాను. ఒక్క మిరపకాయ కదల్లేదు.

"చప్పుడు వెనకాల వస్తుంది, ఆగండి."

ఆగాం. మస్తాన్ వలి గోతంలో కాలెత్తి అలాగే ఉండిపోయాడు. నిమిషం కావస్తుండగా మార్టూరు వైపునుంచి సన్నగా "ధుమ్" అని వినబడింది. ఇన్నేళ్లూ ఆ గాజుపోగు మీద మట్టి పోయించాను గానీ, అది ఇంత వింటుందని నాకు తెలీదు. వెంట్రుకంతే ఉంటుందండీ అది. దణ్ణం పెట్టాలనిపించింది.

ఆ ఆశ్చర్యంలో నోరు తెరుచుకుని వెనక్కి అడుగేశాను. వెనక నిండు గోతం. వెల్లకిలా పడ్డాను.

"వచ్చిందండీ, చాలా బాగా వచ్చింది. ఇంకో రెండుసార్లు గెంతండి."

"గెంతలేదమ్మా, పడ్డాను."

"అదేనండీ, ఇంకో రెండుసార్లు."

సాయంత్రం పటం పంపింది. పదమూడో రాయి, పదిహేనో రాయి, వాటి మధ్య "సార్ పడ్డ చోటు". మార్చమ్మా అంటే, అక్కడ రాయి లేదు కదండీ అంది. రేపు భూకంపమే వస్తే, రాకూడదనుకోండి, సైంటిస్టులు నేను పడ్డ చోటునుంచి కొలుస్తారు.