పంపకాల్లో రెండు ముక్కలైన కారు

1974 వేసవి. తిరువూరు బస్టాండు దాటాక విజయవాడ వెళ్ళే రోడ్డు పక్కన నాకొక షెడ్డు ఉండేది. ఇప్పటికీ ఉంది. అప్పుడు పైన తాటాకు, ఇప్పుడు రేకు. నా అభివృద్ధి అంతవరకే. ట్రాక్టర్లు, ఆయిలింజన్లు, ఎప్పుడైనా దారిలో అలిగి కూర్చున్న లారీ... ఇవీ నా పేషెంట్లు. కార్లు మా ఊళ్ళో వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు, అందుకు రెండో చెయ్యి ఎత్తాల్సిన పని లేదు. మెకానిక్కు పనంటే ఏంటని అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: నట్టు తిరక్కపోతే కాస్త కిరోసిన్ పోసి, ఓపిగ్గా కూర్చోవడం. ఈ ఒక్క కేసులో మాత్రం బిగుసుకుపోయింది నట్లు కాదు, ఇద్దరు మనుషులు. వాళ్ళ మీద కిరోసిన్ పొయ్యడానికి చట్టం ఒప్పుకోదు.

ఓ పొద్దున కోటేశ్వరరావుగారు వచ్చారు. ఊళ్ళో పెద్ద రైతు. పంచె మడత నలగకుండా నా గ్రీజు బల్ల మీద కూర్చోగలిగిన ఏకైక మనిషి.

"అబ్బాయ్ దానియేలూ, మా ఇంట్లో కారుంది. బాగుచెయ్యాలి."

"ఏమైందండీ దానికి?"

"ఏం కాలేదు. ఇంజను లేదు, అంతే."

ఒంట్లో బానే ఉంది, గుండెకాయ లేదంతే అని ఎవరైనా డాక్టరుతో అంటే ఆయన మొహం ఎలా ఉంటుందో, నాది అలా ఉండి ఉంటుంది.

వెళ్ళి చూశాను. పెరట్లో పశువుల కొట్టం పక్కన రేకుల పాకలో ఉంది. ఇంగ్లండు నుంచి వచ్చిన పాతకాలపు నల్ల కారు. యుద్ధం అయిపోయాక వాళ్ళ నాన్నగారు ఎవరో దొర దగ్గర కొన్నారట. గుండ్రటి వీపు, చిన్న కళ్ళలాంటి రెండు దీపాలు. ఊళ్ళో దాన్ని తాబేలు అనేవాళ్ళు. వెనక సీట్లో రెండు కోళ్ళు గుడ్ల మీదున్నాయి. నేను తలుపు తియ్యగానే, టికెట్టు కొన్నవాళ్ళు కొననివాడి వంక చూసినట్టు చూశాయి.

ముందు బోనెట్ ఎత్తాను. లోపల శుభ్రంగా ఖాళీ. ఎవరో లాగి పారేసినట్టు లేదు. బోల్టులన్నీ పద్ధతిగా విప్పి, ఇంజను మాత్రం తీసుకెళ్ళారు.

"ఎవరు తీశారండీ?"

కోటేశ్వరరావుగారు కొబ్బరిచెట్టు వంక చూడసాగారు. ఆయన భార్య సీతారావమ్మగారు మజ్జిగ గ్లాసు నాకిస్తూ చెప్పేశారు. "పంపకాల్లో పోయిందయ్యా."

పదిహేనేళ్ళ కిందట అన్నదమ్ములు వేరుపడ్డారు. పొలం పంచారు, పశువులు పంచారు, ఇత్తడి బిందెలు పంచారు. కారు మిగిలింది. నాకంటే నాకని ఇద్దరూ పట్టు. అమ్మేసి డబ్బు పంచుకోమంటే ఇద్దరికీ ఏడుపు. చివరికి పెద్దమనుషుల్లో, గట్ల తగాదాలు తీర్చడంలో పేరుమోసిన ఒకాయన తీర్పు చెప్పాడు. పెద్దవాడికి నడపడం వచ్చు కాబట్టి బండి పెద్దవాడికి. చిన్నవాడు సాంబశివరావుకి యంత్రం సంగతి తెలుసు కాబట్టి ఇంజను చిన్నవాడికి. ఎవరికి తెలిసింది వాళ్ళకి! ఆహా, ధర్మం నాలుగు పాదాల నిలబడిందన్నారట అందరూ. ధర్మం నిలబడింది. కారు కూడా అక్కడే నిలబడిపోయింది.

అంతటితో ఆగినా బాగుండేది. ఇంజనుకీ గేరుపెట్టెకీ మధ్య క్లచ్ ప్లేటు అని ఒకటుంటుంది. పళ్ళెమంత గుండ్రటి బిళ్ళ, జారకుండా పట్టుకోవడానికి రెండు వైపులా అంటించిన లైనింగు. ఇంజను తిప్పే బలాన్ని చక్రాలకి అందించేదీ అదే, గేరు మార్చేటప్పుడు కాసేపు రెంటినీ విడదీసేదీ అదే. పొలానికైతే గట్టు లాంటిది, ఇటుదీ కాదు అటుదీ కాదు. విప్పిన రోజు అది కనపడలేదు. నువ్వు తీశావంటే నువ్వు తీశావనుకున్నారు. అన్నగారి నోటివెంట 'దొంగ' అన్న మాట వచ్చింది. తమ్ముడు ఇంజను ఎడ్లబండి మీద వేసుకుని ఎ.కొండూరు దగ్గర తన వాటా పొలానికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఒకే పెళ్ళిపందిట్లో కూర్చున్నా వీపులే ఎదురెదురుగా ఉండేవి.

"మరి ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకండీ?" అనడిగాను.

కోటేశ్వరరావుగారు కండువాతో కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "నీటికాసులంట. విజయవాడలో చూపించా. ఎదర కనపడుతుంది, పక్కలు కనపడవు. మొన్న చేతిలో అరటిపండు పట్టుకుని అరుగు మీద కూర్చున్నా. పక్కనుంచి మేకొచ్చి తినిపోయింది. మేక వచ్చిందీ తెలీదు, పోయిందీ తెలీదు. పండు పోయింది మాత్రం తెలిసింది."

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదని చూసి ఆపుకున్నాను.

"పోయిన చూపు రాదన్నాడు డాక్టరు. ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనన్నాడు. ఉండగానే ఒక్కసారి ఆ స్టీరింగు పట్టుకోవాలిరా. వేరే ఇంజను ఎక్కడైనా చూడు. ఆ ఎ.కొండూరు ఆయన దగ్గరికి మాత్రం వెళ్ళకు."

పాతకాలపు కారుకి సామాను వెతకడమంటే తప్పిపోయిన మనిషిని వెతకడం లాంటిదే. ఫోటో పట్టుకుని కొట్టు కొట్టుకీ తిరగాలి. విజయవాడలో పాత ఇనుము కొట్లన్నీ తిరిగాను. ఒక సాయిబుగారు కారు పేరు వినగానే టీ తెప్పించారు. "ఆ పేరు చెప్పకు నాయనా, మా అబ్బాజాన్ గుర్తొస్తాడు" అని కళ్ళు తుడుచుకుని, "ఇంజనా? లేదు" అన్నారు. ఇంకొకాయన లారీ ఇంజను పెట్టెయ్యమన్నాడు. "పడుతుందాండీ?" అంటే, "ఇంజను పడుతుంది. కారే పట్టదు" అన్నాడు.

ఇంజను దొరక్కపోయినా తతిమ్మా పని ఆగలేదు. రేడియేటరు కన్నాలకి మాట్లు వేయించాను. ముందు చక్రాలు ఊగకుండా కొత్త బుష్షులు లేతు మిషను మీద తీయించాను. బుష్షంటే ఇరుసు అరగకుండా దానికి తొడిగే లోహపు ఉంగరం. ఇక సీట్లు బాగుచెయ్యడానికి కోళ్ళని ఖాళీ చేయించాలి. ఆ బాధ్యత సీతారావమ్మగారు తీసుకున్నారు. పాకలో మూలనున్న కోళ్ళ గంప పక్కకి జరుపుతూ, దాని మీదున్న బరువు తీసి నా కాళ్ళ దగ్గర పెట్టారు.

తుప్పు పట్టిన గుండ్రటి బిళ్ళ. మధ్యలో పళ్ళున్న కన్నం.

"అమ్మగారూ, ఇదెక్కడిది?"

"అదా? గంప ఎగిరిపోకుండా, పిల్లి ఎత్తకుండా పెట్టుకున్నానయ్యా. ఎప్పటినుంచో ఉంది. ఏం, నీకు పనికొస్తుందా?"

నేను కోటేశ్వరరావుగారి వంక చూశాను. ఆయన దాన్ని చూడ్డానికి తలంతా తిప్పాల్సి వచ్చింది. పక్కచూపు లేదుగా. చాలాసేపు చూశారు. తర్వాత లోపలికి వెళ్ళి పడుకున్నారు. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదట.

మర్నాడు పొద్దున్నే నా షెడ్డు ముందున్నారు. చేతిలో తువ్వాల మూట.

"పద."

"ఎక్కడికండీ?"

"ఎక్కడికేంట్రా, ఇంజనున్న చోటికి."

ఎ.కొండూరులో బస్సు దిగి పొలాలకడ్డంగా నడిచాం. దూరంనుంచే చప్పుడు వినపడుతోంది. సాంబశివరావుగారు ఇంజనుని బావి ఒడ్డున సిమెంటు దిమ్మ మీద బిగించి, పంపు తగిలించారు. పెట్రోలుతో స్టార్టు చేసి, వేడెక్కాక కిరోసిన్ మీదకి మార్చి నడిపిస్తారు. లేత మామిడి మొక్కల పాదుల్లోకి నీళ్ళు పారుతున్నాయి. ఆయన నులకమంచం మీద కూర్చుని ఉన్నారు. నేను ఆయనకి కొత్తవాణ్ణి కాదు, వాళ్ళ ట్రాక్టరు నా చేతి మీదే నడుస్తోంది. అన్నగారిని చూసి లేచారు. లేచినందుకు తనమీద తనకే కోపం వచ్చినట్టు మళ్ళీ కూర్చున్నారు.

"దానియేలూ, వచ్చినాయన మంచినీళ్ళు తాగుతారేమో కనుక్కో."

"తాగుతానని చెప్పు" అన్నారు కోటేశ్వరరావుగారు.

"తాగుతారంటండీ" అన్నాను. ఇద్దరి మధ్యా దూరం మంచం పొడవు. టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఉద్యోగం చెయ్యాలని మా అమ్మకి నా మీద ఆశ ఉండేది. ఆ రోజు తీరింది.

కోటేశ్వరరావుగారు మూట విప్పి, ప్లేటుని మంచం మీద పెట్టారు. "ఇది మా ఇంట్లోనే ఉందని చెప్పు. కోళ్ళ గంప మీద. ఆ రోజు నేనన్న మాట తప్పని కూడా చెప్పు."

నేను చెప్పబోయాను. సాంబశివరావుగారు చెయ్యెత్తి ఆపారు. ప్లేటుని ఒళ్ళోకి తీసుకున్నారు. ఇప్పుడు కన్నీళ్ళు కారతాయి, కౌగిలింతలుంటాయి, నేను పక్కకి తప్పుకోవాలి కాబోలని ఓ అడుగు వెనక్కి వేశాను. ఆయన ప్లేటు అంచుని గోటితో గీకి చూసి, "లైనింగు అరిగిపోయింది. కొత్తది వేయించాలి" అన్నారు నాతో. మళ్ళీ గీకుతూ, "ఇన్నేళ్ళు దొంగనని మాట పడ్డా. దానికేం లైనింగు వేయిస్తారో అడుగు" అన్నారు.

అడగలేదు. అడక్కుండానే అన్నగారి తల వంగిపోయింది. ఎక్స్ఛేంజిలో లైను కట్టయింది.

కోటేశ్వరరావుగారు వెళ్ళడానికి లేచారు. లేచి, ఎడంపక్కనున్న నీళ్ళ బిందెని తన్నుకున్నారు. బిందె దొర్లింది. ఆయన వంగి తడుముతున్నారు. సాంబశివరావుగారు ఆ చేతినే చూస్తున్నారు. నన్ను పక్కకి పిలిచి, "ఏంటది?" అన్నారు. నీటికాసుల సంగతి చెప్పాను, మేక సంగతి కూడా. ఆయనా నవ్వలేదు. ఆ కుటుంబంలో ఆ జోకు ఎవరికీ పట్టలేదు.

ఆయన బావి దగ్గరికి వెళ్ళి ఇంజను ఆపేశారు. టకటక ఆగేసరికి పొలమంతా ఒక్కసారి పెద్దదైనట్టనిపించింది. కాలవలో నీళ్ళు మెల్లిగా సన్నబడ్డాయి.

"మొక్కలండీ? ఎండలు చూస్తున్నారుగా" అన్నాను.

"మోట కట్టుకుంటా. మా నాన్న ఎద్దుల్తో తోడలేదా? నువ్వు స్పానరు తియ్యి."

ఇంజను నా షెడ్డుకి వచ్చింది. కిరోసిన్ మీద నడిచి నడిచి లోపలంతా మసి పట్టింది. గీకాను, పిస్టను రింగులు మార్చాను. గేరుపెట్టెకి ఆనుకునే వెనక మొహం మీద పేరుకున్న జిడ్డుని బ్రష్షుతో కడుగుతుంటే అంచున రెండు చిన్న చుక్కలు కనిపించాయి. అనుమానం వచ్చి, కారులో మిగిలిన గేరుపెట్టె మూతి కూడా కడిగాను. సరిగ్గా ఎదురుగా అక్కడా రెండు చుక్కలు.

వాటిని పంచ్ గుర్తులంటారు. రెండు భాగాల్ని విడదీసే ముందు, మొనదేలిన ఉలితో రెండు వైపులా ఒక దెబ్బ కొడతాం. మళ్ళీ బిగించేటప్పుడు ఇదెలా ఉండేదని వెతుక్కోకుండా చుక్కకి చుక్క కలిపితే సరిపోతుంది. తుక్కుకి పోయేవాటికి ఎవరూ కొట్టరు. అంత తీరిక ఎవరికుంది?

సాంబశివరావుగారు మొక్కల తడి చూసుకుని రోజూ సాయంత్రం వచ్చేవారు. కారుకి అన్నగారు అటు, తమ్ముడుగారు ఇటు. మధ్యలో నేను.

"విప్పిన రోజు ఈ గుర్తులు మీరే కొట్టారాండీ?" అన్నాను.

"విప్పేటప్పుడు కొట్టాలిగా."

"మళ్ళీ బిగించేవాళ్ళు కొడతారండీ."

ఆయన నా ఉలి అందుకుని దాని మొన చూశారు. "అలవాటు" అన్నారు.

కారుకి అటువైపు కండువాతో కళ్ళద్దాలు తుడుస్తున్న చప్పుడు చాలాసేపు వినపడింది. కండువాకి అంత చప్పుడుంటుందని నాకప్పటిదాకా తెలీదు.

కొత్త లైనింగుతో ప్లేటు వేసి, చుక్కకి చుక్క కలిపి బిగించాను. ఓ పొద్దున, బళ్ళు ఇంకా రోడ్డెక్కని వేళ, షెడ్డు వెనక డొంకదారిలోకి తోసుకెళ్ళాం. సాంబశివరావుగారు ముందు నిలబడి హ్యాండిలు తిప్పారు. తాబేలు దగ్గింది, చీదింది, బతికింది. కోటేశ్వరరావుగారు స్టీరింగు ముందు, తమ్ముడుగారు ఎడంపక్క, నేను కోళ్ళ వాసనలో వెనక. బ్రేకు బాగుచేసింది నేనే కాబట్టి నా భయం నాకుంది.

కాస్త దూరం వెళ్ళాం. అప్పుడు, పదిహేనేళ్ళ తర్వాత, మధ్యలో మనిషి లేకుండా, తమ్ముడు అన్నతో మొదటి మాట మాట్లాడాడు.

"గేదె."

"ఏ పక్క?" అన్నారు అన్నగారు.

"ఎడమ."

"నీ పక్కేగా, నువ్వు చూసుకో."

"నువ్వు కుడికి తిప్పితే నేను చూసుకుంటా. తిప్పన్నయ్యా!"

తిప్పారు. గేదె మమ్మల్ని పట్టించుకోలేదు.

"గట్టొస్తోంది."

"చూశాలేరా."

"చూళ్ళేదు. చూస్తే అలా ఎందుకెక్కిస్తావు?"

"నీ ఇంజనే లాగుతోంది, నేనేం చెయ్యను?"

డొంక చివరిదాకా అలా పోట్లాడుకుంటూనే వెళ్ళారు. నన్ను ఒక్క మాట చెప్పమని ఎవరూ అడగలేదు. ఎక్స్ఛేంజి ఆ రోజుతో మూతపడింది.

ఆ తర్వాత కోటేశ్వరరావుగారి చూపు తగ్గుతూనే వచ్చింది. అద్భుతాలు నా షెడ్డులో జరగవు. ఇప్పుడు తమ్ముడుగారే నడుపుతున్నారు, చెడ్డగా. అన్నగారు పక్కన కూర్చుని, చప్పుడు విని, "గేరు మార్చరా, ఏడుస్తోంది" అంటుంటారు. ఎ.కొండూరు పొలానికి కరెంటు మోటారు వచ్చింది. ఇంజను తీసేసిన ఆ వేసవి మాత్రం మోట నీళ్ళు అందక కొన్ని మొక్కలు ఎండిపోయాయి. ఆ పాదులు సాంబశివరావుగారు ఖాళీగానే వదిలేశారు. అడిగితే, కారు తిప్పుకోవడానికి చోటుండాలిగా అంటారు.

ఈ కేసులో నేను నేర్చుకున్నది చిన్నదే. ఇప్పుడు ఏది విప్పినా, ముందు రెండు వైపులా ఒక దెబ్బ కొడతాను. ఇది తుక్కుకేనయ్యా అని యజమాని చెప్పినా కొడతాను. మళ్ళీ బిగిస్తారో లేదో నాకు తెలీదు, చాలాసార్లు వాళ్ళకీ తెలీదు. ఉలి దెబ్బకి ఖర్చేముంది?

అందరూ కలిశారని మాత్రం అనలేను. సీతారావమ్మగారి పెరట్లోకి వెళ్తే, ఆ కోళ్ళు ఇప్పటికీ నాకు వీపే చూపిస్తాయి.