వాసన చూసి కొనబోయిన షేర్లు

ఆ కబురు మా ఇంటికి మొదట తెచ్చింది మా చిన్న మరిది. సంగారెడ్డిలో షేర్ల దరఖాస్తులు అమ్మే ఆఫీసులో గుమాస్తాగా చేరి అప్పటికి ఆరు నెలలైంది. తొంభైల నడుమ మా పటాన్‌చెరు చుట్టూ ఎక్కడ విన్నా ఇదే మాట. పాల కేంద్రం దగ్గర, బస్సులో, పెండ్లి బంతిలో ఎవరో ఒకరు ఏదో కంపెనీలో వంద షేర్లు పెట్టామని చెప్పుకునేవారు. ఆ ఆదివారం మా మరిది చెప్పులు విడవకముందే ఆకుపచ్చ అట్ట ఉన్న చిన్న పుస్తకం నా చేతిలో పెట్టాడు.

"వదినా, కాజీపల్లిల మందుల కంపెనీ. చిన్నదే. చిన్నగున్నప్పుడే పట్టాలె. రెండేండ్లు ఓపిక పట్టు, నీకు స్లాబు ఇల్లు."

ఇల్లు అన్న మాట అతను ఊరికే అనలేదు. లక్డారంలో మా అత్తమ్మ వాటాకు వచ్చిన మెట్ట చెలక అమ్మిన డబ్బు బ్యాంకులో ఉంది. కిరాయి ఇంట్లో మేము పదకొండేళ్ళుగా ఉంటున్నాం. ఆ డబ్బుతో జాగా కొని రెండు గదులు వేసుకోవాలని ఆశ. కాని జాగాకు సరిపోయేది, రెండు గదులకు చాలేది కాదు. ఆ చాలని కొంచెం కోసమే షేర్ల మాట మా ఆయనకు తియ్యగా వినబడింది. ఆ డబ్బు పోతే మళ్ళీ అమ్ముకోవడానికి మాకు ఇంకో చెలక లేదు.

నేను బడికి పోలేదు. మా నాయన పురాణం పుస్తకం ముందు పెట్టుకొని ఇంట్లోనే చదువు చెప్పాడు. ఆయనకొక నియమం ఉండేది. పుస్తకం తెరిస్తే మొదటి అక్షరం నుంచి చివర అచ్చువేసినవారి చిరునామా దాకా చదవాలి, నడుమ ఒక్క పేజీ తప్పించినా పుస్తకం చిన్నబుచ్చుకుంటుందనేవాడు. ఇంగ్లీషు మాత్రం పెళ్ళయ్యాక క్యాలెండర్లు, మందు డబ్బాలు, మా ఆయన ఫ్యాక్టరీ నోటీసులు చూసి నేనే కూడబలుక్కున్నాను. దేవుడు నాకు పెద్ద చదువు ఇవ్వలేదు గాని, తొందర లేకుండా చదివే బుద్ధి ఇచ్చాడు. అందుకు రోజూ దండం పెట్టుకుంటాను.

కాబట్టి ఆ ఆకుపచ్చ పుస్తకాన్నీ పొద్దున పూజ అయ్యాక, అదే పీట మీద కూర్చొని, డిక్షనరీ పక్కన పెట్టుకొని చదవసాగాను. ముందు పేజీలు తెలుగులో, పెద్ద అక్షరాలతో, రంగు బొమ్మలతో ఉన్నాయి. వెనక పేజీలు ఇంగ్లీషులో, చీమల బారులాగ. నాలుగు రోజులు పట్టింది. మూడో రోజు మా మరిది వచ్చి చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏంది వదినా, షేర్ల పుస్తకానికి గూడ కొబ్బరికాయ కొడ్తవా?"

"పుస్తకం పుస్తకమే గద. కూసొనే సదువుత."

"గట్ల సదివితె ఆఖరి తారీఖు దాటిపోతది. జెర జల్దీ కానియ్యి."

నాలుగో రోజు చీమల బారుల్లో ఒక మాట నా కాలికి ముల్లులాగ తగిలింది. ఈ కంపెనీ చేసే సరుకునంతా ఒకే ఒక్క పెద్ద కంపెనీ కొంటుందట. ఆ ఒప్పందం గడువు తీరిపోయిందట. కొత్త ఒప్పందం కోసం మాటలు నడుస్తున్నాయట. అర్థం సరిగ్గా చూశానో లేదో అని రెండుసార్లు డిక్షనరీ తిప్పి, ఆ సాయంత్రం మరిదిని అడిగాను.

"గవన్ని రాయాలె వదినా, కానూను. సిగరెట్ డబ్బ మీద రాయరా? రాసిండ్రని ఎవరన్న తాగుడు బంద్ జేసిండ్రా?"

మా ఆయన చేతిలోని సిగరెట్ డబ్బాను మెల్లగా జేబులోకి జార్చుకున్నాడు. జవాబు మా అత్తమ్మ ఇచ్చింది. ఆమెకు అక్షరం ముక్క రాదు గాని, మా వైపు పది ఊళ్ళలో ఎవరికి సంబంధం కుదరాలన్నా ఆమెనే పంపేవారు.

"పిల్లనియ్యవోతే పిల్లగాని ఇంట్లనే అడుగుతమారా? ఆ వాడకట్టుల అడుగుతం, బాయికాడ అడుగుతం. గీ పుస్తకం రాసిందెవరు? పిల్లగాని తండ్రే. రేపు పోయి సూసొస్తం, పద బిడ్డా."

"ఇగ చూడు. కంపెనీకి పెండ్లిసూపులు," అని మా మరిది నెత్తి కొట్టుకున్నాడు. అయినా మర్నాడు సెలవు పెట్టి మాతో వచ్చాడు.

కాజీపల్లి ఇంకా ఫర్లాంగు దూరం ఉండగానే మందుల కంపెనీల వాసన వచ్చింది. కొత్తవాళ్ళయితే కొంగు ముక్కుకు పెట్టుకుంటారు. మాకు మాత్రం అప్పట్లో ఒక నమ్మకం ఉండేది. వాసన ఎంత ఘాటుగా ఉంటే కంపెనీ అంత బాగా నడుస్తున్నట్టు. వాసన రాని పూట "ఇయ్యాల స్ట్రైకా ఏంది" అని అడిగేవాళ్ళం. మా మరిది ఆటో దిగి, గుండె నిండా గాలి పీల్చి, కండ్ల నీళ్ళు తుడుచుకుంటూ నావైపు గర్వంగా చూశాడు.

"చూసినవా వదినా? గిట్ల వాసనొస్తుందంటే లోపల పని జోరు మీదున్నట్టే."

నేను అతన్ని చూసి నవ్వే స్థితిలో లేను. ఎందుకంటే గేటు పక్కనే, పుస్తకం అట్ట మీది బొమ్మలో ఉన్న చిన్న ఆంజనేయస్వామి గుడి కనిపించింది. కొత్తగా సున్నం వేసి, ఎర్ర రంగు పట్టెలు దిద్ది, ముచ్చటగా ఉంది. నిజం చెప్పాలంటే నా విచారణ అక్కడే ముగిసింది. స్వామిని వాకిట్లో పెట్టుకున్నవాళ్ళు అబద్ధం రాస్తారా అనుకున్నాను. చీమల బారులన్నీ మరిచిపోయి చేతులు జోడించి, స్వామీ, ఇల్లు కట్టుకుంటే గోడలో మొదటి గూడు నీకే అని మొక్కేశాను కూడా. మరిది ముక్కుతో పరీక్ష చేస్తే, నేను కండ్లు మూసుకొని చేశాను. తేడా అంతే.

మరిది పాన్‌డబ్బా దగ్గర ఎవరో తెలిసినవాళ్ళు కనబడితే అటు పోయాడు. అత్తమ్మకు ఆకలైంది. గేటుకు ఇవతల కట్టెలకు కట్టిన తాటిపత్రి పట్టా కింద, మూడు రాళ్ళ పొయ్యి మీద ఒకామె జొన్నరొట్టెలు చేస్తోంది. నా కంటే నాలుగేళ్ళు చిన్నది కావచ్చు. రొట్టె మీద ఎల్లిగడ్డ కారం వేసి మా ఇద్దరికీ ఇచ్చింది. అత్తమ్మ ఒక ముక్క తుంచి, బావి దగ్గర పిల్లగాని గురించి అడిగే గొంతుతోనే అడిగింది.

"గీ కంపెనోళ్ళు బాగ తింటరా బిడ్డా?"

"ఏం తింటరవ్వా. ముందుగాల మూడు షిఫ్టులకు మూడు గంపలు చేస్తుంటి. దసర ఎల్లినకాడి నుంచి ఒక్క గంప. గది గూడ సగం పక్క కంపెనోళ్ళే తింటుండ్రు."

"మరి గింత వాసనొస్తున్నది గద," అన్నాను నేను.

ఆమె చేతిలో రొట్టె ఆపి నవ్వింది. "వాసన పక్క కంపెనీదక్కా. గోడ దునికి వస్తది. గీళ్ళ పొగగొట్టం సూడు, పిట్టలు గూడు పెట్టుకున్నయి."

తల ఎత్తి చూశాను. పొగగొట్టం అంచున గడ్డిపోచలు వేలాడుతున్నాయి. ఒక గోరింక వాటి మధ్య నుంచి మమ్మల్ని చూసింది.

నేను ఇంకా ఓడిపోదలచుకోలేదు. "గుడికి మంచిగ రంగులేసిండ్రు గద," అన్నాను.

"రంగు మొన్ననే. పుస్తకానికి ఫోటోలు తియ్య వచ్చిండ్రు, గప్పుడేసిండ్రు. దీపానికి నూనె ఇచ్చుడు మాత్రం ఎప్పుడో బంద్ జేసిండ్రు. నేనే పోస్తున్న. దేవుడేం జేసిండక్కా, ఆయనెందుకు చీకట్ల ఉండాలె?"

నా సంచిలోని ఆకుపచ్చ పుస్తకం తీసి మళ్ళీ చూశాను. అట్ట మీద ఇదే గుడి, ఇదే రంగు. గేటులోపలి నుంచి వాచ్‌మన్ ఇటే చూస్తుంటే ఆమె గొంతు తగ్గించింది.

"గివన్ని నేను చెప్పిన్నని అనకుండ్రి. గేటు కాడ కూసోనిస్తుండ్రు, గదే చాలు నాకు."

అత్తమ్మ ఆమె చేతి మీద చెయ్యి వేసింది. షిఫ్టు మారే దాకా కూర్చున్నాం. సైరన్ మోగింది. అది కూడా గోడ అవతలిదే. ఈ గేటులోంచి బయటికి వచ్చింది పదకొండు మంది. పుస్తకంలో రాసిన పనివాళ్ళలో పదో వంతు లేరు.

మరిది పాన్ నములుతూ వచ్చాడు. "ఏమంటడే అమ్మా నీ పెండ్లిపిల్లగాడు?"

"పిల్లగాడు మంచం పట్టిండు రా. గోడ అవతలోడు దిట్టంగున్నడు. ఆన్ని అడుగు."

"ఆళ్ళు షేర్లు అమ్మరే అమ్మా."

"మంచిగ నడిసెటోనికి మన పైసలెందుకు మరి," అంది అత్తమ్మ, నోట్లో ఇంకో ముక్క వేసుకుంటూ.

బస్సులో నేను ఆ చీమల బారుల పేజీ తీసి మరిది ఒళ్ళో పెట్టాను. అతను దాన్ని చదవడం అదే మొదటిసారి అని అతని ముఖం చూస్తే తెలిసింది. పుస్తకం మూసి నా చేతికిచ్చి, "ఎనిమిది మందికి గీ దరఖాస్తులు ఇప్పించిన వదినా," అన్నాడు. ఆ సాయంత్రం నుంచి మూడు రోజులు ఎనిమిది ఇండ్లకూ తిరిగాడు. ఐదుగురు దరఖాస్తు మానుకున్నారు. ముగ్గురు, వాసన గురించి చెప్పి అతన్నే చూసి నవ్వి పంపించారు.

అత్తమ్మ మాత్రం మేమెవరం వద్దన్నా వినక, ఆఫీసులో చిన్నవాడికి మాట రాకూడదని తన పేరు మీద వంద షేర్లు కొంది. పూలతీగల అంచుతో అందమైన కాగితం వచ్చింది. ఏడాది తిరగకుండా ఆ గేటుకు తాళం పడింది. కాగితం మా దేవుని గూటిలో ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత ఏ కంపెనీ పుస్తకం వచ్చినా మా మరిది నేరుగా నా దగ్గరికే తెచ్చేవాడు. "వదినా, పారాయణం చెయ్యి, సంతకం తర్వాత," అనేవాడు. వేళాకోళమే, కాని తెచ్చేవాడు.

మిగిలిన డబ్బుతో జాగా కొన్నాం. రెండు గదులు కాలేదు, ఒకటిన్నర అయ్యాయి. ఆ సగం గదికి తలుపు పెట్టడానికి ఇంకో మూడేళ్ళు పట్టింది. అయినా కిరాయి లేని గోడకు మేకు కొట్టుకున్న రోజు నాకు జ్ఞాపకమే. మొక్కుకున్నట్టే మొదటి గూడు స్వామిదే.

గృహప్రవేశానికి ఆ రొట్టెల ఆమెను పిలవాలని పసుపు కుంకుమ పట్టుకొని కాజీపల్లి వెళ్ళాను. తాటిపత్రి లేదు. మూడు రాళ్ళు ఉన్నాయి. పక్క కంపెనీ వాచ్‌మన్, "రుద్రారం దిక్కు పోయిందమ్మా, హాస్టల్ పోరగాండ్లకు రొట్టెలమ్ముతదంట," అన్నాడు. రెండుసార్లు రుద్రారం బస్సు దిగి వెదికాను. కనబడలేదు. పేరు పెట్టి అడుగుదామంటే నాకు పేరు తెలియదు. నాలుగు రోజులు కూర్చొని అచ్చువేసినవారి చిరునామా దాకా చదివినదాన్ని, ఎదురుగా ఉండి నా ఇల్లు నాకు దక్కించిన మనిషి పేరు అడగలేదు.

కాజీపల్లి వెళ్ళిన ఆ రోజు గుడి చీకటిగా ఉంటే, పక్క కొట్టులో నూనె కొని పోసి దీపం పెట్టి వచ్చాను. చదివేవాళ్ళను నేను కోరేది ఒక్కటే. మీ ఇంట్లో దీపం పెట్టేటప్పుడు, తన గంపలో రొట్టెలు తగ్గినా స్వామి దీపంలో నూనె తగ్గనివ్వని ఆ జొన్నరొట్టెల ఆమెను ఒక్క క్షణం తలచుకోండి.