ఎర్తు లేని గిటారు

గిటారు వాయించేవాళ్లలో నీకెవరిష్టమని నన్నెవరూ అడగరు. మండపేటలో మైకుసెట్టు నడిపినవాడికి సంగీతమేం తెలుసని వాళ్ల ఉద్దేశం. పాడైన రేడియోలు విప్పుకుని, చేతులు కాల్చుకుని కరెంటు నేర్చుకున్నాను. సంగీతమూ అలాగే, వేదిక పక్కన స్టూలు మీద కూర్చుని వింటూ నేర్చుకున్నాను. అడిగితే నలుగురి సంగతి చెబుతాను.

రాజమండ్రి సభలో ఒక పెద్దాయన గిటారును ఒళ్లో పడుకోబెట్టుకుని, తీగల మీద ఇనప గొట్టం జారుస్తూ కీర్తనలు వాయించారు. గమకం పట్టినప్పుడల్లా ఆ తీగ జ్వరంలో ఉన్న మనిషిలా మూలిగేది. నా పక్క కుర్చీలో ఉన్నాయన, వీణ ఉండగా ఇదెందుకండీ అని మూతి తిప్పాడు. ఆయన మీద కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. రెండోవాడు మా కాలవగట్టు చర్చిలో వాయించేవాడు. తీగలు నొక్కే పట్లు అతనికి వచ్చినవి మూడే, వాటితోనే సమాధుల తోటలో పాడే పాటకు నలుగురినీ ఏడిపించేవాడు. మూడోవాడు భీమవరం ఇంజనీరింగు కాలేజీ కుర్రాడు. రైసుమిల్లు బెల్టు తెగినట్టుండేది అతని గిటారు మోత. చెవుల్లో దూది పెట్టుకోమని పిల్లలు నవ్వారు. నేను చివరిదాకా కూర్చున్నాను. ఆ గర్జన కింద శ్రుతి ఎక్కడా చెదరలేదు.

నాలుగోవాడు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా మనిషి. ఆ ముగ్గురి పనితనమూ వాడికొక్కడికే వచ్చు. సినిమా పాట మధ్యలో వచ్చే చిన్న ముక్కను కూడా, అది లేకపోతే పాటే లేదన్నట్టు వాయిస్తాడు. నన్ను బాబాయ్‌గారంటాడు. వాడి గురించే నా భయం.

మూడు పిన్నుల ప్లగ్గులో లావుగా ఉండే పిన్ను ఎర్తు. ఆంప్లిఫయరు పెట్టెలో ఎక్కడైనా కరెంటు లీకైతే దాన్ని మనిషిని తాకనివ్వకుండా భూమిలోకి లాక్కుపోయేది అదే. అది లేకపోతే ఆ కరెంటు వైరు వెంట గిటారు తీగల్లోకి వస్తుంది. టెంటుహౌసు బోర్డులకేమో రెండు బెజ్జాలే ఉంటాయి. పైగా ఎర్తు తగిలిస్తే ఒక్కోసారి స్పీకర్లలో గుయ్యిమని మోత. అందుకని మా వైపు ఆర్కెస్ట్రా వాళ్లు కొత్త ఆంప్లిఫయరుకు బొట్టుపెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ వెంటనే కటింగ్ ప్లేరుతో ఆ పిన్ను విరిచేస్తారు. పూజ చేసిన చేత్తోనే. చెప్పి చెప్పి నా నోరు పోయింది.

మైకు దగ్గరికి మూతి పెడితే పెదవికి చురుక్కుమంటోందని వాడే ఒకసారి నవ్వుతూ చెప్పాడు.

"ఊరికే జివ్వుమంటదండి బాబాయ్‌గారూ. దానికే భయపడితే భజనలో తాళాలేసుకోవాలి."

ఇన్నాళ్లూ వాణ్ణి కాపాడింది వాడి కాలికున్న మందపాటి రబ్బరు బూట్లు. అంతకు మించి ఏమీ లేదు.

పోయినేడు వాడి ఆర్కెస్ట్రా వాళ్లు పిఠాపురంలో భక్తి పాటల కార్యక్రమం ఒప్పుకున్నారు. వాణ్ణి వినాలని నేనూ వెళ్లాను. మధ్యాహ్నం వాన పడి వెలిసింది. మట్టి పోసి ఎత్తు చేసిన వేదిక, దాని మీద తడిసిన తివాచీ. దేవుడి పటం పెట్టారు కాబట్టి బూట్లు కిందే విడిచి ఎక్కమన్నారు. తప్పు పట్టలేను, నేనూ చెప్పులు విడిచే ఎక్కుతాను. కానీ ఉత్త కాళ్లు, తడి నేల, చేతిలో ఇనప తీగలు, వైరు కొసన ఎర్తు లేని ప్లగ్గు.

వంటల దగ్గర నుంచి ఒక కొయ్య పీట తెచ్చి వాడి కాళ్ల కింద వేశాను. కమిటీ పెద్దాయన దగ్గరికొచ్చి, ఎంతో మర్యాదగా అన్నారు.

"పీటెక్కి నిలబడితే పటం కంటే ఎత్తవుతాడు కదండీ. పెద్దవారు, మీకు తెలియంది ఏముంది?"

నేను నోరు తెరిచేలోగా వాడే దిగిపోయాడు. పీటను రెండు చేతులా తీసి, కళ్లకద్దుకుని, పక్కన పెట్టాడు.

నేను వేదిక ముందున్న కుర్చీ తీసుకెళ్లి జనరేటరు మెయిను స్విచ్చి పక్కన వేసుకున్నాను. అక్కడ ఇంజను రొదలో పాట సగమే వినపడుతుంది. రెండో పాటలో అందరూ కలిసి పాడే చోటు వచ్చింది. వాడు మైకు మీదికి వంగాడు. గిటారు గొంతు నొక్కేసినట్టు ఆగింది. అది పాటలో విరుపనుకుని ముందు వరసలో చప్పట్లు కొట్టారు. ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నవాళ్లు తీస్తూనే ఉన్నారు. వాడి తల కదలడం లేదు. వేళ్లు తీగల్ని వదలడం లేదు.

స్విచ్చి లాగేశాను. పందిరంతా చీకటైంది. కరెంటు తీసిందెవడ్రా అని నన్ను తిట్టారు. ఆ తిట్ల మధ్యే వాడు తివాచీ మీద పడ్డ చప్పుడు వినిపించింది.

బతికాడు. ఎడమ చేతి రెండు వేళ్ల కొసల మీద తీగల గుర్తులు నల్లగా మిగిలాయి. అక్కడ స్పర్శ లేదు. ఇప్పుడు ఇంకా నెమ్మదిగా, ఇంకా తియ్యగా వాయిస్తున్నాడని జనం మెచ్చుకుంటున్నారు. అది తియ్యదనం కాదు, తీగ ఎక్కడుందో వేలికి తెలియక వెతుక్కోవడం. నాకు వినపడుతుంది.

నేనే దగ్గరుండి వాడి ఆంప్లిఫయరుకు కొత్త ప్లగ్గు బిగించాను. ఈ ఏడూ పిఠాపురం వాళ్లు పిలిచారు. మొన్న సామాను సర్దుతుంటే చూశాను. లావు పిన్ను లేదు. విరిచిన చోట ఇత్తడి కొత్తగా మెరుస్తోంది.

ఎందుకు చేశావురా అని అడిగాను.

"గుయ్యిమంటోందండి, పాట పాడైపోతోంది. అయినా మీరుంటారు కదండీ."

నా కళ్లకు శుక్లాలు. చెయ్యి వణుకుతుంది. అయినా కమిటీ వాళ్లకు కబురు పెట్టాను, నా కుర్చీ మెయిను స్విచ్చి పక్కనే వేయమని. ఇష్టమైనవాడు వాయిస్తుంటే నేను పాట వినను. వాడి కాళ్లకేసి చూస్తూ కూర్చుంటాను. ఆకాశం మళ్లీ మబ్బు పట్టింది.