కడిగేసిన మట్టి

ప్రాణం లేని పదార్థంలోంచి ప్రాణం ఎలా పుట్టిందన్న ప్రశ్న మీద పనిచేసే కొత్త పరిశోధకులని ఒక చోట చేర్చాలని నా తాపత్రయం. అందుకే అనకాపల్లిలో నేను పాఠాలు చెప్పే కాలేజీలో, రెండో శనివారాలు కెమిస్ట్రీ ల్యాబ్ అడిగి తీసుకున్నాను. తీరా చేరింది నలుగురం. కెమిస్ట్రీ నాది. ఎలమంచిలి నుంచి వచ్చే అమ్మాయిది జియాలజీ. ఒకతనిది మైక్రోబయాలజీ, ఇంకొకతను కంప్యూటర్ లెక్కల మనిషి.

ఏడాది పాటు నేను పడ్డ అవస్థ నాకే తెలుసు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఫోన్లు చూసుకునేవారు. మైక్రోబయాలజీ అతనికి రాళ్ల గోల పట్టదు. కంప్యూటర్ అతను ఏం చెప్పినా అంకెలివ్వండి చాలంటాడు. నాకు ఒళ్లు మండిపోయేది. అందరం కలిసి ఒక్క ప్రయోగమైనా చేద్దాం, కుదరకపోతే ఇంతటితో మూసేద్దామని తేల్చి చెప్పేశాను.

సముద్రపు బురద తడిసి ఆరుతూ ఉంటే అందులో చిన్న అణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయేమో చూడాలనుకున్నాం. జియాలజీ అమ్మాయి రాంబిల్లి తీరం వైపు వెళ్లి, మోకాళ్ల దాకా దిగి, డబ్బా నిండా బురద తెచ్చి శుక్రవారం నా చేతికిచ్చింది.

అందరూ వచ్చేసరికి సిద్ధంగా ఉంచాలని నేను శనివారం పొద్దున్నే వచ్చి దాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు కడిగి, వడగట్టి, ఓవెన్లో ఆరబెట్టాను. మా కెమిస్ట్రీ వాళ్లకి ఏది చేతికొచ్చినా ముందు కడగడం అలవాటు. పింగాణీ గిన్నెలో శుభ్రంగా ఉన్న ఆ మట్టిని చూసి నాకే ముచ్చటేసింది.

ఆ అమ్మాయి వచ్చి చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది. జియాలజీ వాళ్లకదో అలవాటట. ల్యాబులో నోట్లో పెట్టుకోవడమేమిటని కసిరాను.

"ఉప్పేది సార్?" అంది.

కడిగానని చెప్పాను. మైక్రోబయాలజీ అతను నవ్వి, తనకిచ్చి ఉంటే ముందు సూక్ష్మజీవులన్నీ చచ్చేలా ఆటోక్లేవ్‌లో పెట్టి ఉడికించేవాణ్ణన్నాడు. ఆమె నవ్వలేదు.

"ఆ ఉప్పు కోసవే తెచ్చేను సార్. అణువులు అతుక్కోడానికి సాయం సేసేది అదే. ఒకల మాట ఒకలు వినాలని ఏడాది నుంచీ సెప్తన్నారు కదా. కడిగే ముందు నన్నొక మాట అడగాల్సింది."

డబ్బా తీసుకుని వెళ్లిపోయింది. మట్టి మళ్లీ తెచ్చుకోవచ్చు కదా, ఇంత పట్టింపేమిటని ఆ సాయంత్రమంతా విసుక్కున్నాను. తప్పు నాదని ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. క్షమించమని మెసేజ్ పెట్టాను. చూసింది, జవాబివ్వలేదు.

తర్వాతి రెండో శనివారం ముగ్గురమే కూర్చున్నాం. ఎవరూ ఫోన్ తీయలేదు. ఆ బురదలో ఏయే ఉప్పులుంటాయి, ఎండినప్పుడు ఏది ముందు గడ్డకడుతుందని ఇద్దరూ నన్ను అడుగుతూనే ఉన్నారు. ఏడాది నుంచి నేను కోరుకున్నది అదే. జవాబు తెలిసిన మనిషి మాత్రం రాలేదు.